కుందేలు అపెండిక్సూ, పెద్దమ్మ శనివారాలూ

మా వాడలో అపెండిక్స్ అంటే తీసేయించుకునే వస్తువు. "వాళ్ల కోడలికి అపెండిక్స్ అంట" అని ఎవరన్నా అన్నారంటే, ఆ పిల్లను గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయారని, పొట్ట మీద కుట్లు పడ్డాయని, ఈ ఏడు మిరపకోతలకు రాదని అర్థం. ఉంటే నొప్పి, తీసేస్తే సుఖం. అంతకుమించి దాని గురించి ఎవరికీ ఏమీ తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు. నేను కూడా ఆ జ్ఞానంతోనే పశువైద్య కళాశాలలో చేరాను.

అక్కడ మొదటి ఏడాది అనాటమీ క్లాసులో కుందేలు పొట్ట తెరిచి చూపించారు. నాకు పేగులంటే అసహ్యం లేదు. ఆదివారం బోటీ కడిగే పని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ నాదే. అయినా కుందేలు పొట్టలో ఉన్నది చూసి నోరు తెరిచాను. పొట్టలో చాలా భాగం ఒక్క సంచే ఆక్రమించేసింది. మెలి తిరిగి, పల్చటి గోడలతో, లోపలున్న గడ్డి రంగు బయటికి కనబడుతూ ఉంది. తెలుగు పుస్తకాల్లో దాన్ని అంధనాళం అంటారు, ఒకవైపు దారి మూసుకుపోయి ఉంటుంది కాబట్టి. తిన్న గడ్డి అందులో పులుస్తుంది. ఆ సంచి చివరికి వచ్చేసరికి గోడ ఉన్నట్టుండి మందమవుతుంది, రంగు పాలిపోతుంది, సన్నటి గొట్టంలా మారి ఆగిపోతుంది. నా చూపుడువేలి కంటే పొడుగు, ఇంచుమించు అంత లావు. అదే కుందేలు అపెండిక్స్. "ఇంత చిన్న ప్రాణికి ఇంత అపెండిక్స్ ఎందుకే?" అని పక్కనున్న పిల్లను అడిగాను. "పరీక్షకు రాదులే" అంది ఆ పిల్ల.

పరీక్షకు రాలేదు. కానీ నా బుర్రలోంచి పోనూ లేదు. తర్వాత మైక్రోస్కోపు కింద దాని గోడ చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. పల్చగా కోసి, రంగు వేసిన ముక్క అది. గులాబీ రంగు, వంగపండు రంగు. గోడ నిండా, ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ, పొడుగాటి తిత్తులు. ప్రతి తిత్తి నిండా చిన్నచిన్న తెల్లకణాలు, ఇసకేస్తే రాలనట్టు. ప్రతి తిత్తి పైనా పేగు లోపలికి పొడుచుకొచ్చిన ఒక గుమ్మటం. ఆ గుమ్మటం మీది కణాలు కొన్ని పేగులో పోయే సూక్ష్మజీవులను పట్టుకుని, చంపకుండా, మర్యాదగా లోపలికి తీసుకొచ్చి తెల్లకణాలకు చూపిస్తాయి. శత్రువును ఇంట్లోకి పిలిచి పిల్లలకు పరిచయం చేసినట్టు. నేను చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ల్యాబు అటెండరు వచ్చి లైటు ఆర్పితే గానీ లేవలేదు.

తర్వాత తెలిసింది దానికంటే గొప్పగా ఉంది. పుట్టేటప్పుడు కుందేలు పిల్ల దగ్గర రోగాన్ని పట్టే యాంటీబాడీల రకాలు చాలా కొద్ది. తల్లి ఇచ్చింది కొన్నాళ్లు కాపాడుతుంది. ఆ గడువు లోపల పిల్ల తన సొంతం తను తయారుచేసుకోవాలి. ఆ తయారీ ఎక్కువగా ఈ పేగు తోకలోనే జరుగుతుంది. మా అమ్మమ్మ పాత చీరల్లోంచి ముక్కలు కత్తిరించి అతుకులేసి బొంత కుట్టినట్టు, అక్కడి తెల్లకణాలు తమలో వాడకుండా పడివున్న పాత జన్యువుల ముక్కలు తెచ్చి వాడుకలో ఉన్న జన్యువుకు అతికించుకుంటాయి. ఒక్కో కణం ఒక్కో రకంగా అతికించుకుంటుంది, ఒక్కోటి ఒక్కో కొత్త ఆకారాన్ని పట్టగలుగుతుంది. పనికిరానివి అక్కడే చచ్చిపోతాయి, పనికొచ్చేవి ఒళ్లంతా పోయి కాపలా కాస్తాయి. ఇదంతా మొదలవ్వాలంటే మాత్రం ఒకటి కావాలి. పేగులో సూక్ష్మజీవులు ఉండాలి. ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన కుందేలులో ఆ తిత్తులు ఎదగవు, ఖాళీ బుడగల్లా ఉండిపోతాయి.

ఇప్పుడు నేనే అనాటమీ చెబుతున్నాను. పిల్లలు నన్ను చాటుగా "అపెండిక్స్ మేడం" అంటారని నాకు తెలుసు. అననీ, సుబ్బరంగా అననీ. సింహం గుండె గురించి చెబితే ఎవరైనా నోరు తెరుచుకుని వింటారు. అందరూ తోక అనుకునేదాని గురించి చెప్పి వినిపించడంలోనే ఉంది మజా.

ఇక మా పెద్దమ్మ గురించి చెప్పాలి. అమ్మకు సొంత అక్క. ప్రత్తిపాడు పక్కన ఒక ఊళ్లో మిషన్ బళ్లో టీచరుగా చేసి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. మా అమ్మానాన్నలు పత్తి తీతకు పోతే నన్ను తనతో బడికి తీసుకుపోయి, అక్షరాలు దిద్దించి, కాలేజీ దాకా నెట్టుకొచ్చింది ఆవిడే. ఆవిడ శుభ్రత మీద మా చుట్టాల్లో కథలున్నాయి. ఆదివారం ఆరాధనకు ముందు శనివారం ఇల్లు కడగడం మా వాడలో అందరికీ ఉన్న అలవాటే. పెద్దమ్మ కడిగితే గడప, అరుగు, పెరట్లో బట్టలుతికే బండ అన్నీ అయిపోయాక ఆఖరికి చీపురు కూడా కడుగుతుంది. చీపురు కడిగే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

నవ్వుకుంటాం గానీ, అది ఎక్కడి నుంచి వచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నప్పుడు ఆవిడ వాళ్లమ్మతో కలిసి ఒక ఆసామి కల్లంలో మిరపకాయలు ఏరడానికి పోయేది. దాహమేస్తే దోసిలి పట్టాలి, ఆ ఇంటావిడ పైనుంచి పోసేది. పని ముగించుకుని లేచాక వీళ్లు కూర్చున్న అరుగు మీద నీళ్లు చల్లేవాళ్లు. ఒకరోజు పెద్దమ్మ వెనక్కి తిరిగి ఆ చల్లడం చూసిందట. అప్పటి నుంచీ ఆవిడకు ఒక్కటే పంతం. తన ఇంట్లో, తన ఒంటి మీద, తన బళ్లో ఎవరూ వేలు పెట్టి చూపించే మురికి ఉండకూడదు. పిల్లల గోళ్లు చూడకుండా పాఠం మొదలెట్టేది కాదు. నన్ను ఎంట్రన్సు పరీక్షకు పంపేటప్పుడు హాలు గేటు దగ్గర అందరి ముందూ చెవుల వెనక చూసింది. ఆ పంతం మీద నాకు కోపం వచ్చేది, అంతకంటే ఎక్కువ గౌరవం ఉండేది. ఆవిడ కడిగి నిలబెట్టిన ఇంట్లోనే నేను మనిషినయ్యాను.

రిటైరయ్యాక ఆవిడ ఊరికే కూర్చునే రకం కాదు. చర్చిలో స్త్రీల సమాజం వాళ్లు ఇంటి పట్టున ఉండి చేసుకునే పని ఏదన్నా మొదలెడదామనుకుంటే, కుందేళ్లు పెంచుదామని పెద్దమ్మే చెప్పింది. చోటు తక్కువ చాలు, గడ్డి తింటాయి, అరవవు, పొడవవు. కుందేలు తినకూడని జంతువని బైబిల్ పాత నిబంధనలో ఉందని సంఘంలో ఒక పెద్దాయన అడ్డం చెప్పాడు. "అదే నిబంధనలో రొయ్యలు కూడా ఉన్నాయి కదండీ, మొన్న మీ అమ్మాయి పెళ్లిలో అందరం రెండుసార్లు వడ్డించుకున్నాం" అంది పెద్దమ్మ. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. పెద్దమ్మ ఒక తెల్ల ఆడ కుందేలునూ ఒక బూడిదరంగు మగదాన్నీ తెచ్చింది. వాటి పిల్లలు ఎదగగానే సమాజంలోని ఆడవాళ్లకు ఇంటికొక జత ఇవ్వాలని అనుకున్నారు. పత్తి తీసుకుని, మిరప కోసుకుని బతికే ఆడవాళ్లు వాళ్లు. ఆవిడ మాట మీద అందరూ గూళ్లు చేయించుకున్నారు.

మొదటి ఈత పిల్లలు పాలు మరిచే వయసు దాకా ముద్దుగా పెరిగి, కడుపులు ఉబ్బి, నీళ్లలా పారి, ఒకదాని వెనక ఒకటి పోయాయి. రెండో ఈత పిల్లలకూ అదే మొదలైంది. అప్పుడు నాకు ఫోన్ చేసింది.

"నా మాట నమ్మి వాళ్లు గూళ్లు కట్టించుకుని కూర్చున్నారే అమ్మాయ్. ఖాళీ గూళ్లు చూసుకుంటా ఏం మొహం పెట్టుకుని చర్చికి పోను? ఈసారి కూడా పోతే తల్లిని ఎవరికన్నా ఇచ్చేసి ఊరుకుంటా. మన ఇంట్లో ఎక్కడో అశుభ్రం ఉంది. నాకు కనబడటంలా. నువ్వొచ్చి చూడు."

"పెద్దమ్మా, నేను చచ్చినవాటి డాక్టర్ని. బతికున్నవాటికి మందిచ్చేది నేను కాదు."

"చచ్చినవే ఉన్నాయి, రా."

వెళ్లాను. నాకు ముందు అనుమానం పురుగుమందు మీద. చుట్టూ పత్తి చేలు, గట్ల మీది గడ్డి మీద ఎంత మందు పడుతుందో దేవుడికెరుక. అడగ్గానే పెద్దమ్మకు కోపం వచ్చింది. పత్తి గట్టు గడ్డి తన గుమ్మం తొక్కదని, పెరట్లో పెంచిన అవిశాకు, ఇంటి వెనక గరిక తప్ప వేరే పెట్టడం లేదని, అది కూడా ఉప్పునీళ్లలో ముంచి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి పెడుతున్నానని చెప్పింది. నిజమే. ఆ గూడు పక్కన మా హాస్టల్ వంటగది సిగ్గుపడాలి. కింద పళ్లెం తళతళలాడుతోంది. తల్లి కుందేలు పెళ్లికి తయారైన దానిలా తెల్లగా కూర్చుంది. ఈగ కూడా లేదు.

ఆ పొద్దున పోయిన పిల్లను బట్టలుతికే బండ మీద పెట్టి కోశాను. పెద్దమ్మ పక్కనే ఫినాయిల్ సీసా పట్టుకుని నిలబడింది, నా చెయ్యి బండ మీది నుంచి లేస్తే చాలు పోసెయ్యడానికి. అంధనాళం గాలితో, నీళ్లతో ఉబ్బి ఉంది. దాని చివర అపెండిక్స్ చూశాను. ఆ వయసు పిల్లకు అది గట్టిగా, మందంగా వేళ్లకు తగలాలి. తగల్లేదు. ఒక్క పిల్లను కంటితో చూసి ఏదీ తేల్చకూడదు కాబట్టి ముక్కలు సీసాలో వేసుకుని, నోరు మూసుకుని కాలేజీకి వచ్చేశాను.

ఆ ముక్కలతో స్లైడు చేసి చూశాను. నేను ఇన్నేళ్లుగా పిల్లలకు చూపించి మురిసిపోయే ఆ తిత్తులు ఈ ముక్కలో సన్నగా, వెలవెలబోతూ ఉన్నాయి. కణాల రద్దీ లేదు. కుందేలు పిల్లలను ఇలా చంపే మామూలు పేగు పరాన్నజీవులు ఉన్నాయేమోనని చూశాను, కనబడలేదు. ఈ పిల్ల పేగు ఏ సూక్ష్మజీవినీ కలవకుండా పెరిగింది. మొదటిసారి కలిసింది దాన్ని చంపేసింది. ఇదే కారణమని ఒట్టేసి చెప్పలేను, చదువుకున్నదాన్ని కాబట్టి ఆ మాత్రం జాగ్రత్త ఉంది. కానీ ఎందుకలా అయిందో మాత్రం అంతుబట్టలేదు. ఎంత శుభ్రంగా ఉంచినా, తల్లి దగ్గర పెరిగే పిల్లకు తల్లి నుంచి రావలసినవి వచ్చి తీరాలి కదా.

రెండో ఈత కూడా దక్కకపోయినా, తల్లిని ఇచ్చెయ్యొద్దని పెద్దమ్మను ఆపాను. అది మళ్లీ పిల్లల్ని పెట్టిందని కబురొస్తే మళ్లీ వెళ్లాను. అనుకోకుండా ఆ రోజు శనివారం. నేను పెరట్లోకి అడుగుపెట్టేసరికి పెద్దమ్మ ఇల్లంతా కడిగేసి గూడు దగ్గరికి వచ్చింది. పిల్లల్ని ఒక్కోదాన్నీ ఎత్తి మెత్తటి గుడ్డలో పడుకోబెట్టింది. కళ్లు ఇంకా తెరవని, వెంట్రుకలు సరిగా రాని పసివి. గూడు లోపల అవి పడుకునే గూటిపెట్టెను బోర్లించింది. తల్లి తన రొమ్ము మీది బొచ్చు పీక్కుని పిల్లల కోసం పరిచిన పరుపు అంతా కింద పడింది. ఆ బొచ్చులో అక్కడక్కడ తల్లి వదిలిన పెంటికలు. పెద్దమ్మ అవన్నీ ఊడ్చి అవతల పారేసి, పెట్టెను బ్లీచింగ్ నీళ్లతో తోమి, ఎండలో పెట్టి, కొత్త తెల్లటి దూది పరవడానికి సిద్ధంగా పెట్టుకుంది. పత్తి పండే ఊళ్లో దూదికి కరువా. ఈలోగా తల్లి కుందేలు తల వంచి తన వెనక నుంచే ఏదో నోటితో అందుకోబోతే, "ఛీ, ఛీ! ఎన్నిసార్లు చెప్పాలే నీకు, పెద్దదానివైనా బుద్ధి లేదు" అని చీపురుపుల్లతో దాని మూతి మీద చిన్నగా తట్టింది. బళ్లో బలపాలు తినే పిల్లల్ని ఎలా తట్టేదో అలాగే.

నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. తల్లి కుందేలు రోజుకు ఒక్కసారి, కాసేపు మాత్రం గూట్లోకి దిగి పాలిస్తుంది. పోతూ పోతూ కొన్ని పెంటికలు వదిలిపోతుంది. పిల్లలు వాటిని కొరుకుతాయి. తల్లి పేగులోని సూక్ష్మజీవులు పిల్లల పేగులోకి చేరే దారుల్లో అది పెద్దది. కుందేలు తన వెనక నుంచి తినేది కూడా మలం కాదు, అంధనాళంలో పులిసి వచ్చిన మెత్తటి ముద్ద, దాని రెండో భోజనం. పెద్దమ్మ ఆ రెండు దారులకూ వారం వారం అడ్డం నిలబడుతోంది.

"ఆపు పెద్దమ్మా! నువ్వు కడుగుతున్నావు కాబట్టే చస్తున్నాయి!"

నా నోరు ఎప్పుడూ అంతే, ముందు అనేస్తుంది. పెద్దమ్మ చెయ్యి పెట్టె మీద ఆగిపోయింది. నన్ను చూడలేదు. పిల్లల మీద గుడ్డ సర్దింది, కొంగుతో చేతులు తుడుచుకుంది, లోపలికి పోయి కుర్చీలో కూర్చుంది. నేను వెనకే పోయి కింద కూర్చున్నాను.

అప్పుడు అంది. "చిన్నప్పుడు నేను మురికిదాన్నని నేను కూచున్నచోట నీళ్లు చల్లారు. ఎవరూ అనకుండా అరవై ఏళ్లు కడుక్కుంటా బతికాను. ఇప్పుడు నువ్వొచ్చి, కడగడం తప్పంటున్నావు. నేను ఎట్టా ఉంటే సరిపోతానే మీ లోకానికి?"

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకు రాలేదు. గోడ వైపు చూస్తూ కూర్చుంది.

నాకు తెలిసిన ఒకే ఒక సంగతి చెప్పాను. ఫోన్‌లో ఉన్న స్లైడు బొమ్మలు తీశాను, ఆరోగ్యంగా పెరిగిన కుందేలుది ఒకటి, మన పిల్లది ఒకటి. "పెద్దమ్మా, కల్లంలో నువ్వు చేసిన పనే ఇక్కడ జరుగుతుంది" అన్నాను. తాలు ఏరడం ఆవిడకు నేను చెప్పక్కర్లేదు. కాయల రాశి ముందు కూర్చుని, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయను పక్కకు తోసి, ఎర్రగా నిగనిగలాడే కాయను బస్తాకు పంపడం. అపెండిక్సులో తెల్లకణాలు రాశులు రాశులుగా తయారవుతాయని, అందులో చాలావరకు తాలేనని, దాన్ని అక్కడే ఏరేసి, రోగాన్ని పట్టగలిగిన మేలైన కణాన్నే ఒంట్లోకి పంపుతుందని చెప్పాను. అయితే ఏది మేలో తేలాలంటే ముందు రాశి పడాలి. ఆ రాశి పోసేది తల్లి పేగులోంచి వచ్చిన సూక్ష్మజీవులు.

పెద్దమ్మ కళ్లజోడు తెచ్చుకుంది. టీచరు కదా, ప్రశ్నలు మొదలయ్యాయి. "మరి పెద్దయ్యాక కూడా ఈ ఏరుడు నడుస్తుందా?" పిల్లగా ఉన్న ఆ కొద్ది నెలలే ముఖ్యమని చెప్పాను. "అంటే చిన్నప్పుడు తప్పిపోతే తర్వాత పట్టుకోలేవన్నమాట." చాలావరకు అంతే అన్నాను. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూసింది. మంచి దాన్ని వేళ్లతో పెద్దది చేసింది. "ఎంత అందంగా ఉందే! అల్లిక అల్లినట్టు. ఎవరికీ కనపడని చోట ఇంత అందం ఎందుకు పెట్టాడో ఆయన." తర్వాత రెండో బొమ్మ వైపు తిరిగి, చాలా మెల్లగా, "నేను వారం వారం వాటి పలకలు తుడిచేశా" అంది.

తప్పు నీది కాదు అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. "ఏం చెయ్యాలో చెప్పు."

మురికంతా మంచిదని నేను చెప్పలేదు, అలా చెబితే అబద్ధం. నీళ్ల గిన్నె రోజూ కడగాలి. కింద పళ్లెం ఊడవాలి. తడిసిన పక్క తీసెయ్యాలి. కానీ గూటిపెట్టెలో తల్లి పరిచిన బొచ్చు, తల్లి వదిలిన ఎండు పెంటికలు పిల్లలు బయటికి వచ్చేదాకా ముట్టకూడదు. తల్లి తినేదాన్ని తిననివ్వాలి. ఆ రోజే పెద్దమ్మ పారేసిన బొచ్చూ పెంటికలూ తన చేత్తో ఏరి తెచ్చి, పెట్టెలో పరిచి, పిల్లల్ని పడుకోబెట్టింది. ఏరుతున్నంతసేపూ మొహం చిట్లించుకునే ఉంది. చెయ్యి మాత్రం ఆపలేదు. ఆ వయసులో, ఆ మనిషి అలా చెయ్యడం చూస్తుంటే నాకు ఆ స్లైడును మొదటిసారి చూసినప్పుడు కలిగిన ఆశ్చర్యమే కలిగింది.

ఆ పిల్లలు బతికాయి. ముందే చెప్పేస్తున్నాను, ఊరించడం నాకు చేతకాదు. ఒక బక్కది మొదటి వారంలోనే పోయింది. మిగతావన్నీ పాలు మరిచే గండం దాటి, చెంగుచెంగున గెంతుతూ, ఇంటికొక జత చొప్పున ఆ ఖాళీ గూళ్లలోకి చేరాయి. ఒక్క ఈతతో నేను ఏ సిద్ధాంతమూ రాయను. అయినా పెద్దమ్మ చేతిలో పెరిగిన ఆ పిల్లల్లో ఒక్కోదాని పొట్ట చివర ఆ తోక గట్టిపడుతూ, పని చేసుకుంటూ ఉందని తలుచుకుంటే గర్వంగా ఉంటుంది, నేనేదో చేసినట్టు.

కానీ పిల్లలు బతుకుతాయో లేదో ఇంకా తెలియని రోజుల్లో ఒక శనివారం జరిగింది చెప్పాలి. పెద్దమ్మ ఫోన్లో ప్రతి శనివారం "కడగలా. చేతులు మాత్రం దురద పెడుతున్నాయే" అంటుండేది. ఎందుకైనా మంచిదని కాపలాకు వెళ్లాను. ఇల్లు కడగడం అయింది, నిండు బకెట్టు పెరట్లో ఉంది. అప్పుడు ఊళ్లోంచి ఒకావిడ వచ్చింది. పెద్ద రైతు కుటుంబం వాళ్లది. వాళ్ల పిల్లలు పెద్దమ్మ దగ్గరే చదువుకున్నారు. గృహప్రవేశం కార్డు ఇవ్వడానికి వచ్చింది. మంచి మనిషి, ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. అలాంటి వాళ్లు వస్తున్నారని తెలిస్తే పెద్దమ్మ కడిగిన ఇల్లే మళ్లీ కడిగేది.

కార్డు ఇచ్చి, కాఫీ తాగి, "ఏదండీ టీచరుగారూ, కుందేలు పిల్లలు ఉన్నాయంటగా, చూస్తాను" అని తనే పెరట్లోకి నడిచింది. పెద్దమ్మ మొహం మారిపోయింది. తప్పదు కాబట్టి గూటిపెట్టె మూత తీసింది. ముద్దలు కట్టిన బొచ్చు, దాని నిండా పెంటికలు, వాటి మధ్య ఒకదాని మీద ఒకటి పడుకున్న పిల్లలు. వాసన కూడా కొట్టింది.

"అయ్యో, ఇదేంటండీ ఇట్టా ఉంది?" ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "శుభ్రమంటే టీచరుగారి ఇల్లని మా కోడళ్లకు చెబుతానే! ఒంట్లో బాగోటంలేదా ఏంటి?"

పెద్దమ్మ చెయ్యి బకెట్టు మీదికి పోయింది. నేను చూశాను. ఆ కొంగు ముక్కు మీదికి పోయిన క్షణంలోనే పోయింది. ఇంకొక్క నిమిషంలో పిల్లలు గుడ్డలో ఉంటాయి, పెట్టె బోర్లా పడుతుంది, బ్లీచింగ్ వాసన వస్తుంది. నేను అపెండిక్స్ పాఠం మొదలెట్టబోయాను. పెద్దమ్మ నా వైపు ఒక చూపు చూసింది. క్లాసులో మధ్యలో మాట్లాడే పిల్లను చూసే చూపు. నేను ఊరుకున్నాను.

పెద్దమ్మ బకెట్టు వదిలేసింది. వంగినదల్లా నిటారుగా నిలబడింది.

"ఒంట్లో బానే ఉందండి. అది అట్టాగే ఉండాలి. నేనే ఉంచాను."

అంతే. ఎందుకో చెప్పలేదు, సంజాయిషీ ఇవ్వలేదు. వచ్చినావిడ నమ్మలేదని ఆవిడ మొహమే చెబుతోంది. "ఏమోనండీ" అని, మరో రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయింది. ముక్కు మీది కొంగు వాకిలి దాటేదాకా తియ్యలేదు.

పెద్దమ్మ ఆవిడ పోయిన వైపే చూస్తూ అంది. "నన్ను మురికిదనుకుంటా పోయిందే."

"ఊళ్లో చెబుతుంది కూడా" అన్నాను. నాకు అబద్ధం ఆడటం రాదు.

"అనుకోనీ."

మా అమ్మమ్మ ఆ మాట అనలేక దోసిలి పట్టింది. మా అమ్మ అనలేకపోయింది. ఇంత చదువుకుని, పదిమందికి పాఠం చెప్పే నేను కూడా ఇప్పటిదాకా అనలేదు. ఇవాళ్టికీ చీర మీద ఎక్కడన్నా మరక ఉందేమోనని రెండుసార్లు చూసుకోకుండా గడప దాటను. పెద్దమ్మ ఆ మాట అనేసి, గూటిపెట్టెకు మూత వేసి, మూత మీద చెయ్యి ఆనించి, లోపల పిల్లలు మెసిలే చప్పుడు వింటూ నిలబడింది.